ఓట్ల లెక్కతో పాటు దారి లెక్కా చూడండి

సంపాదకులకు నమస్కారం.

జనగణన అయ్యాక నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీస్తారని, విభజన చట్టంలో రాసినట్టు తెలంగాణలో అసెంబ్లీ సీట్లు 119 నుంచి 153కి పెరగవచ్చని మీ పేపర్లో తరచూ చదువుతున్నాను. ఏ నాయకుడి సీటు ఉంటుంది, ఎవరిది పోతుంది అన్నదే అందరి చర్చ. భద్రాచలం ఎస్టీ నియోజకవర్గంలో ఓటరుగా నా బెంగ వేరు.

నేను నూగూరు వెంకటాపురంలో జిరాక్స్ షాపు నడుపుతాను. దరఖాస్తులు కూడా రాసిపెడతాను. మా ఎమ్మెల్యే భద్రాచలం, కలెక్టర్ ములుగు, ఎంపీ మహబూబాబాద్. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మండలాలు కొత్తగూడెం జిల్లాలో ఉంటే, వెంకటాపురం, వాజేడు మాత్రం 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగులోకి వెళ్లాయి. జిల్లా మారింది గానీ నియోజకవర్గం మారలేదు.

దీనివల్ల ఏమవుతుందో నా షాపు ముందు నిలబడితే తెలుస్తుంది. మొన్న ఒక కోయ పెద్దమ్మ గూడెం నుంచి వచ్చింది. భర్త చనిపోయాడు, పింఛను కోసం కాగితం రాయమంది. రాసిచ్చాక, "ఇది ఎవరికియ్యాలమ్మా?" అంది. ఎమ్మెల్యేకి ఒకటి, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఒకటి అని రెండు కాపీలు తీసిచ్చాను. ఒకటి అటు పోవాలి, ఇంకొకటి ఇటు పోవాలి. సోమవారం ప్రజావాణికి ములుగు చేరాలంటే తెల్లారకముందే బస్టాండులో ఉండాలి. భద్రాచలం పోదామంటే ఇసుక లారీలు తిరిగి తిరిగి చర్ల రోడ్డు ఎలా తయారైందో ఆ దారిన వచ్చేవాళ్లందరికీ తెలుసు. ఇంకోసారి మా ఊరి అబ్బాయి దరఖాస్తులో జిల్లా ములుగు, నియోజకవర్గం భద్రాచలం అని రాశాను. ఒక ఆఫీసులో, "భద్రాచలం అంటే కొత్తగూడెం జిల్లా కదా, తప్పు రాశారు, సరిచేసుకుని రండి" అని వెనక్కి పంపేశారు. ఆ అబ్బాయికి ఒక రోజు కూలి పోయింది.

వరదొస్తే ఇంకా కష్టం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు భద్రాచలంలో ఉన్నవాళ్లు అక్కడి ముంపుతోనే సతమతమవుతారు. ఇటు వాజేడు మండలం టేకులగూడెం దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లొస్తాయి. మా మండలాల గోడు వినాల్సిన ఇద్దరూ దూరంగానే ఉంటారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు, హద్దులు అలా ఉన్నాయి.

2023 ఎన్నికల్లో రాష్ట్రంలో అందరికంటే తక్కువ ఓటర్లు మా దగ్గరే, దాదాపు 1.48 లక్షలు. శేరిలింగంపల్లిలో 7 లక్షలు దాటారు. అంతమందికి ఒక ఎమ్మెల్యే, ఇంత కొద్దిమందికి ఒక ఎమ్మెల్యేనా అని హైదరాబాద్ వాళ్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు ఇంకా ఎమ్మెల్యేలు కావాలి, ఇవ్వండి. కానీ తలలు సరిపోలేదని మాకు ఇంకో రెండు మూడు మండలాలు కలిపితే, ఇప్పుడున్న ఎమ్మెల్యే దూరం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ భద్రత కోసం పోలింగే సాయంత్రం 4 గంటలకు ముగించేస్తారు. పొద్దున్నే బయల్దేరి, నడిచొచ్చి ఓటేసేవాళ్లున్నారు. ఆ నడకకు కూడా ఎక్కడో ఒక చోట లెక్క ఉండాలి.

హద్దులు అడగకుండా మారిస్తే ఎలా ఉంటుందో మా పుట్టింట్లో చూశాను. మాది కూనవరం మండలం. 2014 ఏప్రిల్ 30న మా నాన్న భద్రాచలం ఎమ్మెల్యే కోసం ఓటేశాడు. సున్నం రాజయ్య గారు గెలిచారు. తర్వాత పోలవరం ప్రాజెక్టు కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరుతో పాటు రాజయ్య గారి సొంత మండలం వీఆర్ పురం కూడా అటే పోయింది. నాన్న ఓటేసిన ఎమ్మెల్యే హైదరాబాద్ అసెంబ్లీలో, నాన్న రేషన్ కార్డు ఆంధ్రాలో. 2019లో రంపచోడవరం సీటుకు ఓటేసేదాకా, వాళ్ల ఓటుతో గెలిచిన మనిషంటూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఒక్కరూ లేరు. ఇల్లూ పొలమూ మునిగిపోతాయన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకు, పరిహారం గురించి సభలో అడిగే సొంత మనిషి లేకుండా ఐదేళ్లు గడిచాయి. ఆ రోజుల్లో నాన్న ఫోన్ చేసి "ఇప్పుడు మాకెవరే?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నియోజకవర్గాల హద్దులు గీసే డీలిమిటేషన్ చట్టంలోనే జనాభాతో పాటు భౌగోళిక స్వరూపం, పరిపాలనా హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల సౌలభ్యం చూడాలని ఉంది. దాన్ని మా గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో నిజంగా పాటించమని అడుగుతున్నాను. మా రెండు మండలాలను ఏ సీటులో ఉంచినా సరే, జిల్లా, నియోజకవర్గం ఒకే దిక్కున ఉండేలా చూడండి. అభ్యంతరాలు వినే సభ హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో పెట్టి సరిపెట్టకండి. వెంకటాపురంలో ఒకటి, చర్లలో ఒకటి పెట్టండి, కోయ మాట్లాడే మనిషిని కూర్చోబెట్టండి. అప్పటిదాకా ఎమ్మెల్యే గారు, ములుగు అధికారులు కలిసి నెలకొక రోజు వెంకటాపురంలో కూర్చుని దరఖాస్తులు తీసుకోవాలి. రాసిపెట్టే పని నేను చేస్తాను, ఆ రోజు ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమానురాలు,
నూగూరు వెంకటాపురం, ములుగు జిల్లా