లింఫోమా బాధితుల సహాయ సంఘం, హన్మకొండ: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాం.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది సెప్టెంబరు 15న, ప్రపంచ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అవగాహన దినం నాడు, ఆర్‌ఎంపీలకు, ఆశా కార్యకర్తలకు ఇచ్చిన శిక్షణ. ఆదివారం, పైగా గణేశ్ నవరాత్రులు. పేర్లిచ్చిన వలంటీర్లు చాలామంది మండపాల దగ్గరే ఉండిపోయారు. కుర్చీలు వేసింది, టీలు అందించింది పేషెంట్ల ఇంటివాళ్లే. మొదటి కృతజ్ఞతలు వాళ్లకే.

ఉపన్యాసాలు తగ్గించి పని నేర్పాం. మెడలో, చంకలో, గజ్జల్లో నొప్పి లేని బిళ్ల కట్టి వారాలు గడిచినా కరగకపోయినా, రాత్రిళ్లు పక్క తడిసేలా చెమట పట్టినా, ఆరు నెలల్లో బరువు పదో వంతుకు మించి తగ్గినా పెద్దాసుపత్రికి పంపాలి. మన దగ్గర చిక్కంతా టీబీతోనే. మెడ గడ్డ అనగానే సూది పరీక్షతో సరిపెట్టి, ఏదీ తేలకుండానే టీబీ మందులు మొదలుపెడుతున్నారు. నెలలు గడిచిపోతున్నాయి. సూదిలో వచ్చేవి విడి కణాలే. లింఫోమా ఏ రకమో తేలాలంటే గడ్డ అల్లిక కనబడాలి, అందుకే వీలైతే గడ్డను పూర్తిగా తీయించాలి. అంతకు ముందే స్టెరాయిడ్ పడితే గడ్డ తగ్గిపోయి రోగం మరుగున పడుతుంది. ఈ మాట దగ్గర కొందరు ఆర్‌ఎంపీలు తలలు దించుకున్నారు.

పరీక్షకు తీసిన గడ్డ ముక్కను తీసుకెళ్లే పద్ధతి డబ్బాలతో చేసి చూపించాం. వెడల్పు మూతి డబ్బా, 10 శాతం ఫార్మలిన్, ముక్కకు పదింతలు. ఉత్త సెలైన్‌లో వేసి బస్సులో తెస్తే చెడిపోతుంది. టీబీ కల్చర్‌కు పంపే భాగం మాత్రం ఫార్మలిన్ తగలకుండా సెలైన్‌లోనే ఉండాలి. అంటే రెండు డబ్బాలు, రెండింటికీ పేరు చీటీలు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోయేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ల్యాబ్‌లో ముక్కను పొదిగిన మైనం బ్లాక్ కూడా వెంట ఉండాలి. లింఫోమా రకం తేల్చే సీడీ20, సీడీ30 పరీక్షలు దాని మీదే చేస్తారు.

కీమో మొదలైన ప్రతి ఇంటికీ డిజిటల్ థర్మామీటర్ ఇస్తున్నాం. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అదే రాత్రి ఆసుపత్రికి పోవాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు, తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో అదే ప్రాణం మీదికి తెస్తుంది. కీమోలో ఎర్ర మందు (డాక్సోరుబిసిన్) ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. అర్ధరాత్రి ఫోన్లలో ఎక్కువ దీని గురించే.

సెప్టెంబరు మొదట్లో వరదలకు కేసముద్రం దగ్గర పట్టాలు కొట్టుకుపోయి రైళ్లు ఆగినప్పుడు మహబూబాబాద్ వైపు వాళ్ల కీమో తేదీలు తప్పాయి. అప్పుడు కార్లు ఇచ్చిన సభ్యులకు ధన్యవాదాలు. మామూలు రోజుల్లో ఆసుపత్రి సర్టిఫికెట్ చూపిస్తే స్లీపర్‌లో పేషెంటుకు టికెట్ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. చాలామంది ఇంకా పూర్తి డబ్బు కట్టే వెళ్తున్నారు.

ఓపీ దగ్గర ఒక టేబుల్ వేసుకోనివ్వమని పెట్టిన దరఖాస్తు ఇంకా ఫైల్లోనే ఉంది. అడిగినప్పుడల్లా "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంటున్నారు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం, ఆమోదించగలరు. మందుల షాపుల వారికి, రక్తదాతలకు, హాలు ఇచ్చినవారికి, ఉచితంగా కరపత్రాలు వేసిన ప్రెస్సువారికి కృతజ్ఞతలు.

వచ్చే శిక్షణ ములుగు, భూపాలపల్లి వైపు పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదన. వలంటీర్ల జాబితా ఈ సమావేశంలోనే రాస్తాం. వచ్చేవాళ్లే పేర్లివ్వండి.

కార్యదర్శి