పైలట్ గాడికి, వారెంట్ సారు చేసిన పని గురించి

అరేయ్ పైలట్,

ముందు తిట్టుకోవాల్సినంత తిట్టుకో, తర్వాత చదువు. నువ్వు జర్మనీ నుంచి ఆ మిగ్-21 బొమ్మ విమానం ముక్కల డబ్బా పంపి రెండేళ్లు దాటింది, నేనేమో "అందింది" అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నా. మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ "రన్‌వే మీద ఉంది" అని తప్పించుకున్నా. అప్పుడది అటక మీద ఉంది రా, బాపు పాత రేడియో పక్కన. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో నవ్వుతావు, నేను అసలు సంగతి మర్చిపోతా. అందుకే కాగితం.

ఇంటి కబుర్లు ఒక్క గుక్కలో: బాపు మోకాలు నయమైంది, చెప్పకుండా క్లాక్ టవర్ దాకా నడిచిపోతున్నాడు. అమ్మకు బీపీ, మామూలే. అక్క కొడుక్కి హైదరాబాద్‌లో సీటొచ్చింది. ఈసారి వానలు బాగానే పడ్డాయి, పానగల్ చెరువులో నువ్వు గొడుగు పోగొట్టుకున్న చోటు దాకా నీళ్లొచ్చాయి. ఆ గొడుగు సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఒట్టు. ఇక చాలు, విషయానికొస్తా.

వారెంట్ సారు గుర్తున్నాడా? రామగిరిలో మన వీధి చివరి ఇల్లు, జామచెట్టు. గేటు మీద "జూనియర్ వారంట్ ఆఫీసర్, రిటైర్డ్" అని చదివి, జామకాయలు కోస్తే అరెస్టు వారెంటు తీసుకొస్తాడని నువ్వు నన్ను రెండేళ్లు భయపెట్టావు. ఆయనే, ఎయిర్‌ఫోర్స్‌లో చేసినాయన. ఇప్పుడు ఎనభైకి దగ్గర పడ్డాడు, చెవులు కొంచెం తగ్గాయి, కళ్లు మాత్రం... ఆగు, వరసగా చెప్తా.

మన ఎయిర్‌ఫోర్స్ యుద్ధ విమానాలు మిగ్-21లన్నీ సెప్టెంబర్ 26న రిటైర్ అవుతున్నాయని పేపర్లో చూశాక నాకు ఒక్కసారిగా నీ డబ్బా గుర్తొచ్చింది. ఆ రోజుకల్లా పూర్తి చేసి నీకు ఫోటో పెట్టాలని అటక మీంచి దించా. మూత తీస్తే గుండె జారింది. ఒక్కో ముక్క బియ్యపు గింజంత. అసలు విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి ఏడు మీటర్ల పదిహేను సెంటీమీటర్లు, బొమ్మ 1/72 స్కేలు కాబట్టి దాన్ని 72తో భాగిస్తే పది సెంటీమీటర్లు కూడా లేదు. నా సెల్‌ఫోన్ పొడుగంత కూడా లేని రెక్కల విమానానికి కాక్‌పిట్‌లో మీటర్లు, సీటుకు బెల్టులు! నలభై దాటిన కళ్లతో ఇదేం ఖర్మ అనుకున్నా గానీ, అమ్మ సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దం తీసుకుని కూర్చున్నా.

అతికించడం వరకు బాగానే సాగింది. ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడుతుందని కాగితంలో రాసి ఉంది, గాలానికి కట్టే సీసం గుండ్లు తెచ్చి ముక్కు కోను వెనక కుక్కా. రెండు సగాలు కలిసిన చోట గీత కనబడకుండా లప్పం పెట్టి, వాటర్ పేపరు నాలుగు వందల నంబరు, ఆ తర్వాత వెయ్యి, ఆ తర్వాత పదిహేను వందలు, తడిపి రుద్దీ రుద్దీ వేళ్ల మీద గీతలు పోయాయి, ఆధార్ మెషీన్‌లో వేలిముద్ర పడక బ్యాంకులో వెనక్కి పంపారు తెలుసా. ముక్కు మీద పొడుగ్గా ఉండే, వేగం కొలిచే పిటాట్ గొట్టం మూడుసార్లు విరిగింది, ఒకసారి నా చేత, రెండుసార్లు చిన్నదాని చేత. ఆఖరికి ఇన్సులిన్ సిరంజి సూది కోసి పెట్టా, అసలుదానికంటే బాగుంది. పైన ఆకుపచ్చ, గోధుమ రంగు మచ్చలు, కింద లేత నీలం. మచ్చల అంచులు కాస్త మసగ్గా రావాలని చిన్నదాని బంకమట్టిని సన్నటి తాళ్లలా చేసి అంచుల్లో పెట్టి ఎయిర్‌బ్రష్ కొట్టా. కంప్రెసర్ మోతకి పక్కింటివాళ్లు పంక్చర్ షాపు పెట్టారా అని అడిగారు.

ఆగస్టు వానల్లో వార్నిష్ కొట్టడం నా మొదటి బుద్ధితక్కువ పని. గాలిలో తేమకి పాలు పోసినట్టు తెల్లగా మారింది. దాన్ని ఎలాగో సర్దుకున్నా. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తా. పాత విమానంలా కనబడాలంటే ఆయిల్ పెయింట్‌ని టర్పెంటైన్‌లో బాగా పల్చగా కలిపి పూయాలి, అది రేకుల అతుకుల్లాంటి సన్నటి గీతల్లోకి దానంతట అదే పాకుతుంది, పైపైది తుడిచేస్తే గీతలు నల్లగా తేలతాయి. సరే, ప్రకాశం బజార్‌లో ఒక షాపుకెళ్లి "థిన్నర్ ఇవ్వు" అన్నా. ఇచ్చాడు. అది ఎన్‌సీ థిన్నర్, ప్లాస్టిక్‌ని కూడా కరిగించే ఘాటు రకం. పాపం అతని తప్పేం లేదు, నేను అడిగింది అదే. ఎడమ రెక్కకి పూశా, రంగు పెరుగు మీద మీగడలా ముడతలు పడి లేచిపోయింది, కింద ప్లాస్టిక్ మెత్తబడింది, భయంతో గట్టిగా పట్టుకున్నా. అంతే, నా బొటనవేలి ముద్ర రెక్కలోకి దిగిపోయింది. ఆధార్ మెషీన్‌లో పడని ముద్ర అక్కడ పడింది చూడు!

రుద్ది మళ్లీ రంగేసినా పల్లం పూర్తిగా పోలేదు. అప్పుడు నాకొక దుర్బుద్ధి పుట్టింది. మురికి బాగా పట్టిస్తే ఆ పల్లం ఎవరికి కనబడుతుంది? ఇక మొదలుపెట్టా. పదిహేను రాత్రులు. రెక్క అంచుల నిండా వెండి రంగు పెన్సిల్‌తో రంగు ఊడినట్టు గీతలు. పానగల్ గుడి దారిలో ఎర్రమట్టి తెచ్చి, పలచటి గుడ్డలో జల్లించి టైర్లకి, కడుపుకి పూశా. తుపాకీ దగ్గర మసికి దేవుడి దీపం మసి. జెట్ గొట్టం చుట్టూ ఇనుము కాలితే వచ్చే రంగులు, ముందు గడ్డి పసుపు, తర్వాత ఊదా, తర్వాత నీలం, ఒకదాన్లోంచి ఒకటి. ఈ ఒక్కటి మాత్రం నిజంగా బాగా వచ్చింది రా, నా పొగరు అనుకోకు. మొత్తానికి చూస్తే యుద్ధంలోంచి ఇప్పుడే దిగినట్టు ఉంది. నాకైతే కళ్లలో నీళ్లొచ్చాయి.

26న శుక్రవారం. దసరా సెలవులు, బతుకమ్మ రోజులు. వాకిట్లో ఆడవాళ్లంతా తంగేడు పూలు కుప్ప పోసుకుని కూర్చున్నారు. నేనే వెళ్లి సారును పిలుచుకొచ్చా, నిజం చెప్పాలంటే గొప్పలు పోవడానికి. ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, అంటే విమానం బాడీ చూసే మెకానిక్, సగం సర్వీసు మిగ్‌ల కిందే, రాజస్థాన్‌లో ఉత్తర్‌లై ఎండల్లో పడుకుని. విమానాన్ని టీవీ పక్కనే పెట్టా.

టీవీలో చండీగఢ్ నుంచి మిగ్‌ల వీడ్కోలు. ఎయిర్ చీఫ్ ఏ.పీ. సింగ్ తానే ఒకటి నడిపాడు. 1963లో మొదటి మిగ్-21 స్క్వాడ్రన్ ఏర్పడింది కూడా అక్కడేనట, అంటే 62 ఏళ్లు. సారు ఒక్క మాట మాట్లాడలేదు. దిగిన విమానాల మీద రెండు వైపుల నుంచి ఫైరింజన్లు నీళ్లు చిమ్ముతుంటే మాత్రం, "ఆఁ, కడుగుతున్నరు" అన్నాడు, మెల్లగా. అదేదో ఆయనకు ఊరట కలిగించే విషయంలా.

తర్వాత తల తిప్పి నాదాన్ని చూశాడు. చాలాసేపు. భూతద్దం అడిగాడు.

"ఏంది బిడ్డా, ఇది విమానమా, దేవరకొండ బస్సా?"

అమ్మ నవ్వింది. నేను నవ్వలేకపోయా.

"సార్, అది వెదరింగ్ అంటారు, బాగా వాడినట్టు..."

"వాడినట్టా? పొద్దున ఐదుకు లేచి తుడిచేటోళ్లం. ఈ తుక్కుని ఎవడు ఎగరనిస్తడు?" అని స్కేలు ఎంత అని అడిగాడు. 72 అన్నా. రెక్క అంచున నా వెండి గీత చూపించి, "ఇదొక మిల్లీమీటరు ఉంటదా? అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్లు. అంత రంగు ఊడినంక గిట్లనే వదిలేస్తే మా సార్జెంట్ నా తోలు ఊడదీసేటోడు" అన్నాడు. టైర్ల మట్టి చూసి, "ఇది మన నల్లగొండ మట్టి. నా బండి కాంక్రీటు మీద ఉరికింది, చేన్ల కాదు." చమురు చారలు చూసి, "ఇవి కిందికి కారుతున్నయి. ఎగిరేటప్పుడు గాలి ముందు నుంచి కొడితే చార వెనక్కి పోతది, ఆగి ఉన్నప్పుడే కిందికి జారతది. నీది ఎగిరిందా, నిలబడ్డదా?" కుడివైపు రెక్క మొదట్లో నేను అరిగిన బూటు గుర్తులు పెట్టా. కాక్‌పిట్ మూత కుడికే తెరుచుకుంటుందట, నిచ్చెన ఎడమవైపు వేస్తారట. "నీ పైలట్ కిటికీ దూకి ఎక్కిండా?" నువ్వు గుర్తొచ్చావు, వాటర్ ట్యాంకు మీద గొడుగుతో. సీరియస్‌గా ఉండాల్సిన చోట నవ్వొచ్చింది, ఆయనకి ఇంకా కోపమొచ్చింది.

ఎడమ రెక్క మీది పల్లం ఇంత మురికిలోనూ కనిపెట్టాడు! "ఇదేంది?" నా వేలు సార్ అన్నా. వేళ్ల మీద లెక్కేసుకుని, "రెండు సెంటీమీటర్లు... దగ్గర దగ్గర మీటరున్నర. ఎవడు బిడ్డా వాడు, భీముడా?"

ఆ తర్వాత జరిగింది వినరా. "టర్పెంటైన్ ఉన్నదా? దూది?" అన్నాడు. ఇచ్చా, ఎందుకో అడగకుండా. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, ఇయర్ బడ్ ముంచి, తుడవడం మొదలుపెట్టాడు. నా పదిహేను రాత్రులు! ఆపబోయా, మా ఆవిడ వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. ముక్కు నుంచి తోకకి, ఒకే దిక్కుకు, వెనక్కి తుడవకుండా. చెయ్యి వణుకుతోంది, బడ్ విమానానికి ఆనగానే వణుకు ఆగిపోతోంది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, నా ఆవిడని అడుగు. గంటన్నర. మట్టి పోయింది, చారలు పోయాయి, పెన్సిల్ గీతలు చాలావరకు పోయాయి. జెట్ గొట్టం దగ్గరికొచ్చి ఆగి, "ఇది సరిగ్గనే చేసినవ్" అని వదిలేశాడు. తుపాకీ మసి సగం ఉంచాడు.

కోపం ఎంత వచ్చిందంటే... ఇప్పుడు కూడా కొంచెం ఉంది. పెద్దాయన కాబట్టి నోరు మూసుకున్నా.

అంతా అయ్యాక పుల్ల అడిగాడు. అగ్గిపుల్ల చెక్కి ఇచ్చా. నా ఆయిల్ పెయింట్‌లోంచి ముదురు గోధుమ రంగు కొసన తీసుకుని, విమానాన్ని తిరగేసి, కడుపు కింద కుడి చక్రం గుంత వెనక ఒక్క చుక్క పెట్టాడు. చిటికెన వేలితో దాన్ని వెనక్కి లాగాడు, వెంట్రుకంత. "నాది ఈడ కారేది. ఎన్ని సీళ్లు మార్చినా సరే, ఈడనే. మరమ్మతుకు నాసిక్‌కి పోయొచ్చినా కారింది, లంగ" అన్నాడు, చెడిపోయిన కొడుకు గురించి చెప్పినట్టు.

తోక మీద అంటించింది డబ్బాలో వచ్చిన నంబరే. మీ విమానం నంబరు చెప్పండి సార్, మార్చేస్తా అన్నా. "సీ, రెండు..." అని ఆగాడు. మర్చిపోయాడో, ఇంకేదో. ఆ బండి ఏమైందో అడగాలనిపించింది, అడగలేదు. మిగ్‌లు ఎన్ని కూలాయో నీకూ తెలుసు కదా. చక్కెర లేకుండా చాయ్ అడిగాడు, సగం తాగాడు, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. వాకిట్లో పూలు తొక్కకుండా పక్క నుంచి.

ఇప్పుడు నీ మిగ్ టీవీ స్టాండ్ మీద ఉంది. శుభ్రంగా, ఒక్క మరకతో, భీముడి వేలితో. మళ్లీ మురికి పట్టించాలా వద్దా నువ్వే చెప్పు, మూడో బెంచీ ఓటు వేసుకుందాం. మొన్న మళ్లీ వచ్చి పిటాట్‌కి ఎర్రగుడ్డ తొడుగు లేదని గొడవ చేశాడు, నేల మీదున్న విమానానికి అది ఉండాల్సిందేనట. మా ఆవిడ చీర పోగులోంచి చేశా. పోతూ పోతూ, "కిరణ్ దొరుకుతదా?" అన్నాడు. మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ వాళ్ల ట్రైనర్ జెట్, 1964లో మొదటిసారి ఎగిరింది, ఆయన నేర్చుకున్నది దాని మీదేనట. ఇక్కడ నేను వెతికిన చోటల్లా లేదు. అక్కడేమైనా దొరుకుతుందేమో చూడు, 72లోనే, ధర సంగతి తర్వాత. ఈసారి మాత్రం థిన్నర్

కరెంటు పోయింది, కొరియర్ వాడు ఆరింటికి షట్టర్ దించేస్తాడు. ఫోటోలు ఇందులోనే పెడుతున్నా, కడుపు కిందిది భూతద్దంతో చూడు.

నీ
కో-పైలట్