2024–25 వార్షిక నివేదిక: బర్మా తాతయ్య, ఆయన జముకు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, రథసప్తమినాడు అరసవల్లి భక్తులకు మజ్జిగ పంపిణీ మీరు చూసినవే. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఇక చెప్పుకోవలసింది మన బర్మా తాతయ్య గురించే.

ఆయన పుట్టింది రంగూన్‌లో. 1964లో అక్కడి ప్రభుత్వం యాభై, వంద క్యాట్ల నోట్లను రద్దు చేయడంతో వాళ్ల నాన్న దాచుకున్నదంతా చిత్తుకాగితమైంది. మరుసటి ఏడు తొమ్మిదేళ్ల వయసులో ఓడ దిగి శ్రీకాకుళం చేరారు. అక్కడ భారతీయుల్ని హేళనగా పిలిచే ‘కలా’ అనే మాటతో వెక్కిరించారు, ఇక్కడ ‘బర్మావాడు’ అన్నారు. జముకు అనే వాద్యం మోగిస్తూ కథ పాడే జముకుల కథ బృందంలో వంతపాట పాడుతూ పాట కట్టడం నేర్చుకున్నారు.

జముకు చూడని పిల్లల కోసం: కుంచం లాంటి పాత్రకు ఒకవైపు తోలు బిగించి, దాని మధ్యలోంచి నరం లాగి, కొసకు చిన్న కర్ర కడతారు. పాత్రను చంకలో ఇరికించుకుని, నరాన్ని బిగిస్తూ సడలిస్తూ మీటాలి. జూలైలో తాతయ్య జముకు నరం తెగింది. మత్స్యకారులు ఇచ్చిన నైలాన్ దారం కట్టుకున్నారు. నాదం కాస్త కీచుగా ఉంది, ఆయన మాత్రం ఒప్పుకోరు.

ఆగస్టులో మనవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు రైలెక్కే రోజున ఆమదాలవలస స్టేషన్లో పాడతానన్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైన మన జిల్లా మత్స్యకారుల మీద కట్టిన పాట అది. ప్రయాణం ముందు చెరసాల ఊసెందుకని కార్యవర్గంలో అడ్డుచెప్పింది నేనే. నా అభ్యంతరం మినిట్స్ పుస్తకంలో ఉంది, కొట్టివేయలేదు.

తీరా వింటే పాట పల్లవి ఏడుపు కాదు: ఎవరి బోటు ఎక్కుతున్నావో, దాని నంబరెంతో, యజమాని ఫోను ఎంతో ఇంట్లో రాసిపెట్టి వెళ్లు నాయనా అని. ఓ తల్లి అక్కడికక్కడే కొడుకు చేత టికెట్టు వెనక రాయించుకోబోయింది. టికెట్టు ప్రయాణానికి కావాలి కదమ్మా అని తాతయ్య తన పాటల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చారు.

ఆదివారం జముకు తరగతికి మొదట గది నిండింది, పరీక్షల తర్వాత నలుగురు మిగిలారు. సన్మానం చేద్దామంటే శాలువా వద్దు, జముకుకు కొత్త తోలు వేయించమన్నారు. వేయించాం.

బోటు నంబర్లు రాసే నోటుపుస్తకం ఇప్పుడు కార్యాలయం అలమరలో ఉంది. వచ్చే ఆగస్టులో వేటకు వెళ్లేవారి ఇళ్లవాళ్లు వచ్చి రాయించండి. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

కార్యదర్శి