మన ఎర్ర పాంటియాక్ జీటీఓ కాదు

అందరికీ నమస్కారం. మా మెకానిక్ షాపులో ముందు వరసలో నిలబెట్టిన ఎర్ర పాంటియాక్ కారు గురించి ఈ ఉత్తరం. ఆయిల్ మార్పించుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ "ఇది 1965 జీటీఓ, అసలు సిసలుది" అని నేనే చెప్పాను. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ నుంచి వచ్చే మన తెలుగువాళ్లు చాలామంది పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటోలు కూడా తీసుకున్నారు. ఆ బండి జీటీఓ కాదు. జీటీఓ అంటే పాంటియాక్ వాళ్ల పెద్ద ఇంజన్ బండి, ఇదేమో చిన్న ఇంజన్ లెమాన్స్‌గా పుట్టింది. మధ్యలో ఎవరో దానికి జీటీఓ వేషం కట్టారు. 64,000 డాలర్లు అని చెప్పిన బండి ఇప్పుడు 38,500. బయానా ఇచ్చిన ఇద్దరికీ పోయిన మంగళవారమే డబ్బు తిరిగి పంపేశాను. ఒకాయన పెద్ద మనసుతో "పర్లేదు" అన్నారు. రెండో ఆయన ఏమన్నారో ఇక్కడ రాయలేను, కానీ ఆయన కోపంలో తప్పు లేదు.

"ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడివి, నీకెలా తెలియలేదు?" అని ఇప్పటికే నలుగురు అడిగారు. అడగాల్సిందే.

1964 మోడల్ కోసం పాంటియాక్‌లో చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్ బృందం మధ్యరకం సైజు టెంపెస్ట్ బండిలో పెద్ద 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ దించాలనుకుంది. ఆ సైజు బండ్లలో 330 మించిన ఇంజన్ పెట్టకూడదని పాంటియాక్ సొంతదారు జనరల్ మోటార్స్ నిబంధన. దాంతో వాళ్లు ఒక ఉపాయం చేశారు. కొత్త మోడల్ అనకుండా, టెంపెస్ట్‌లోనే ఖరీదైన రకం లెమాన్స్ కొనేవాళ్లు కావాలంటే తీసుకునే ఆప్షన్‌గా జీటీఓని పెట్టారు. 295.90 డాలర్లు అదనంగా కడితే పెద్ద ఇంజనూ దానితోపాటు వచ్చే సరంజామా అంతా దక్కేది. ఆ ఏడాదే 32,000కు పైగా అమ్ముడయ్యాయి. ఇక పైవాళ్లు మాత్రం ఏమంటారు? పైవాళ్ల కళ్లు కప్పడానికి వేసిన ఆ ఎత్తే అరవై ఏళ్ల తర్వాత నా కొంప ముంచింది.

ఎందుకంటే జీటీఓ ఆప్షన్ మాత్రమే కాబట్టి ఛాసిస్ నంబర్‌లో దాని ఊసే ఉండదు. మన బండి నంబర్ 237375పీ అని మొదలవుతుంది. 237 అంటే లెమాన్స్, 37 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, 5 అంటే 1965, పీ అంటే పాంటియాక్ ఊళ్లోని ఫ్యాక్టరీ. అసలైన 1965 జీటీఓ హార్డ్‌టాప్ అదే ఫ్యాక్టరీలో తయారైతే దాని నంబరూ అలాగే మొదలవుతుంది. 1966 నుంచి జీటీఓని విడి మోడల్ చేసి 242 ఇచ్చారు. ఆ బండ్లయితే నంబర్ చూసిన నిమిషంలో తేలిపోతుంది.

మరి ఇంజన్ చూడలేదా అంటే, చూశాను. చూసే బోల్తా పడ్డాను. బ్లాక్ ముందు భాగంలో డబ్ల్యూటీ అని రెండక్షరాలు కొట్టి ఉన్నాయి. 335 హార్స్‌పవర్, నాలుగు గొట్టాల కార్బురేటర్, మాన్యువల్ గేర్ల 389కి వేసే గుర్తు అది. ఆ ఇంజన్ నిజమైనదే, కాకపోతే వేరే బండిది. పాంటియాక్ 326, 389, 400 ఇంజన్లు పైకి కవల పిల్లల్లా ఉంటాయి, ఒకటి తీసి ఇంకొకటి పెట్టడం పెద్ద కష్టమేం కాదు. ఛాసిస్ నంబర్‌ని ఇంజన్ మీద కూడా కొట్టడం 1968 నుంచే మొదలైంది. అంతకుముందు బండ్లకు ఫ్యాక్టరీ కాగితమే దిక్కు. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ దగ్గర 1960ల నుంచి ఫ్యాక్టరీ బిల్లుల నకళ్లున్నాయి. ఛాసిస్ నంబర్ పంపితే కాగితం ఇస్తారు. మా షాపులో రెండు గంటల లేబర్ ఖర్చు కూడా కాదు. కొనేముందు తెప్పించాల్సింది. తెప్పించలేదు. ఒహాయోలో అమ్మినాయన మాట, బానెట్ మీద గాలి గూడు లాంటి స్కూప్, గ్రిల్ మీద బ్యాడ్జీ, ఆ రెండక్షరాలు. ఇవి చాలనుకున్నాను.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. బండి తనంతట తనే రెండుసార్లు చెప్పింది. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద రంగు గీకినప్పుడు ఎరుపు కింద దంతపు తెలుపు కనిపించింది. సరే, రంగు మార్చినంత మాత్రాన లెమాన్స్ అయిపోదు, దాన్ని వదిలేద్దాం. కానీ ఫ్లోర్ కార్పెట్ ఎత్తినప్పుడు గేర్ రాడ్ దగ్గర రేకు కోసి, ఎత్తుగా ఉండే ముక్క అతికించిన వెల్డింగ్ కనిపించింది. ఆటోమేటిక్ బండిని నాలుగు గేర్ల బండిగా మార్చేటప్పుడు చేసే పని అది. నేనేమో తుప్పు పట్టిన చోట ఎవరో అతుకు వేశారనుకుని దాన్ని శుభ్రంగా గ్రైండ్ చేసి, ప్రైమర్ కొట్టేశాను. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి షెడ్డులో లారీ క్యాబిన్లకు లప్పం పెడుతూ పెరిగినవాణ్ణి. "అతుకు కనిపిస్తే, ముందు అదెందుకు వేశారో అడగరా" అనేవాడాయన. పధ్నాలుగు నెలలు ఈ బండి మీద పడి ఉండి ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి తీసుకెళ్లాను. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద వేల పాత బండ్లు, రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్న జనం. ఒక పెద్దాయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, మెచ్చుకుని, చివర్లో మెల్లగా "కాగితాలున్నాయా?" అని అడిగాడు. లేవన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ రాత్రే హిస్టారిక్ సర్వీసెస్ వాళ్లకి దరఖాస్తు పంపాను. వచ్చిన కాగితంలో లెమాన్స్, 326 ఇంజన్, రెండు గేర్ల ఆటోమేటిక్, దంతపు తెలుపు రంగు. జీటీఓ అనే మాటే లేదు.

ఇప్పుడు బండి సంగతి. ఇంజన్ పూర్తిగా విప్పి బోర్ చేయించి, కొత్త పిస్టన్లు, సీసం లేని పెట్రోలుకు తట్టుకునే వాల్వ్ సీట్లు వేయించాం. 93 ఆక్టేన్ పెట్రోలు పోయాలి, తక్కువ రకం పోస్తే ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. బ్రేకు ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో ఫ్యాక్టరీ ఇచ్చింది ఒకటే గది, ఒక చోట లీకైతే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అందుకని రెండు గదులది బిగించాం, పాతది డబ్బాలో ఉంది. ఛాసిస్ ఫ్రేమ్‌కి వెనక చక్రాల పైన రెండు చోట్ల అతుకులున్నాయి. మిషిగన్, ఒహాయో చలికాలాల్లో, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పులో తిరిగిన బండికి ఆ తుప్పు అతుకులు లేకపోతేనే ఆశ్చర్యం. కుడి వైపు వెనక క్వార్టర్ ప్యానెల్ కింది మూలలో లప్పం ఉంది, అయస్కాంతం పెడితే నిలవదు. డిక్కీ మూత మీద పెయింట్ బత్తాయి తొక్కలా వచ్చింది, ఎండలో తెలుస్తుంది. ఏసీ లేదు. ఎన్ని మైళ్లు తిరిగిందని నన్ను అడక్కండి, మీటర్‌లో అయిదు అంకెలే ఉంటాయి, లక్ష దాటితే మళ్లీ సున్నాకొస్తుంది.

కానీ నడిపితే మాత్రం... రెండో గేర్‌లో కాలు నొక్కితే కాగితంలో ఏం రాసి ఉందో ఆ బండికి గుర్తుండదు. అమ్ముకునేవాడి మాట అనుకుంటే అనుకోండి.

కొనటం, విడిభాగాలు, మెషిన్ షాపు, పెయింట్ కలిపి నా చేతి నుంచి 47,000 డాలర్లు దాటాయి, నా లేబర్ లెక్క వేయకుండా. అంటే నష్టానికే అమ్ముతున్నాను. ఇంకా ఎక్కువకే పోతుందని, కాగితం సంగతి అడిగినవాడికి మాత్రమే చెప్పమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అది నావల్ల కాదు. రేపు మీ హోండా బ్రేకులు బాగున్నాయని నేను చెప్తే మీరు నమ్మాలి కదా.

హోండా అంటే గుర్తొచ్చింది. ఈ ఏడాదంతా ఒక లిఫ్టు ఈ బండి కిందే ఉండిపోయింది. క్యామ్రీలు, ఒడిస్సీలు తెచ్చినవాళ్లను రెండేసి రోజులు ఆపాను, క్షమించండి. ఇక నుంచి ఆ లిఫ్టు మీ బండ్లకే. పాత బండి మళ్లీ కొంటానా అంటే, కొంటాను, ఆ జబ్బు పోదు. కాకపోతే ఫ్యాక్టరీ కాగితం చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇస్తాను.

జీటీఓ బ్యాడ్జీలు తీసేసి కవర్లో పెట్టి డ్యాష్‌బోర్డు అరలో ఉంచాను. కొన్నవాళ్లు మళ్లీ పెట్టుకుంటారో లేదో వాళ్లిష్టం, కాగితం నకలు మాత్రం బండితోపాటే ఇస్తాను. ఇక్కడ మిషిగన్‌లో పాత బండ్లకిచ్చే హిస్టారిక్ నంబర్ ప్లేటు తీసుకుంటే షోలకూ పరేడ్‌లకూ తిప్పుకోవచ్చు, ఆగస్టు నెలంతా మామూలుగానూ నడుపుకోవచ్చు.

చూడాలనుకునేవాళ్లు శనివారాలు రండి, అయస్కాంతం తెచ్చుకోండి, లిఫ్టు ఎక్కించి కింద కూడా చూపిస్తాను. రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలయ్యాక మాత్రం బండి బయటికి తీయను. నడిపి చూడాలంటే ఆలోపే రావాలి.