బస్సు వెళ్లిపోయిందా, ఇంకా రాలేదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. విజయవాడ మెట్రో గురించి పత్రికలో వార్త వచ్చిన ప్రతిసారీ మా వీధి చివర టీ దుకాణం దగ్గర పందెం నడుస్తుంది, ఈసారైనా పనులు మొదలవుతాయా లేదా అని. 2015లో ఢిల్లీ మెట్రో వారు సమగ్ర నివేదిక ఇచ్చినప్పుడు నేను మొదలవుతాయన్న పక్షాన నిలబడ్డాను. టీలకు డబ్బులు నేనే ఇచ్చుకున్నాను. ఆ తరువాత 2017లో కేంద్రం మెట్రో విధానం మార్చింది, నివేదికలూ మారాయి. ఇప్పటి ప్రతిపాదనలో నెహ్రూ బస్టాండ్ నుంచి ఒక దారి గన్నవరానికి, మరొకటి పెనమలూరుకు, మొదటి దశ 38.4 కిలోమీటర్లు. రావాలనే నా కోరిక కూడా. అయితే ఈ ఉత్తరం మెట్రో కోసం రాయడం లేదు. బస్సు స్టాపులో బస్సుల వేళలు రాసి పెట్టే ఒక రేకు ముక్క కోసం రాస్తున్నాను.

మొన్న సాయంత్రం ఏలూరు రోడ్డు మీద చుట్టుగుంట స్టాపులో ఉన్నాను. ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. భుజానికి క్యారేజీ సంచి, చేతిలో బటన్ ఫోను, దానికి రబ్బరు బ్యాండుతో కట్టిన ఆధార్ కార్డు. "బాబాయి గారూ, గన్నవరం బస్సు వెళ్లిపోయిందా?" అని అడిగింది. నేను వచ్చి పావుగంట అయింది, ఈలోగా అయితే వెళ్లలేదు అన్నాను. "అయితే వస్తుందంటారా?" అంది. నేను రాకముందే వెళ్లిపోయి ఉంటే? ఆ మాట నాకెలా తెలుస్తుంది? ఆమె పది నిమిషాలు రోడ్డు వైపే చూసింది. మధ్యలో మూడు షేర్ ఆటోలు ఆగి, పిలిచి, వెళ్లాయి. నాలుగోది వచ్చేసరికి ఓపిక అయిపోయింది. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. వెనక సీటులో నలుగురు. వారి మోకాళ్లకు ఎదురుగా చెక్క మీద ఇద్దరు. ఆ చెక్క చివరన ఈమె సర్దుకుంది. ఆధార్ కార్డు సంచిలోకి వెళ్లింది, ఇరవై రూపాయల నోటు బయటికి వచ్చింది. ఆటో కదిలిన కాసేపటికి బస్సు వచ్చింది, కూర్చోవడానికి సీట్లు కూడా ఉన్నాయి. ఉత్తరం రక్తి కట్టడానికి కల్పించానని అనుకోవద్దు. ఈ ఊళ్లో స్టాపులో నిలబడే అలవాటున్న వారిని ఎవరినైనా అడగండి.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పనే. మా ఇంట్లో వంటకు సాయం చేసే అమ్మాయికి నెలకు మిగిలే డబ్బు ఎంతో నాకు తెలుసు, కాబట్టి ఈ పథకాన్ని ఎగతాళి చేసే వారి పక్కన నేను కూర్చోను. కానీ ఆ జీరో టికెట్ చేతికి రావాలంటే ముందు బస్సు దొరకాలి కదా. ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం పని మనిషీ, నర్సమ్మా, బట్టల దుకాణంలో నిలబడి పనిచేసే పిల్లా ఎంతసేపని చూస్తారు?

విచిత్రం ఏమిటంటే వేళలు లేక కాదు. ప్రతి సిటీ బస్సుకూ రోజుకు ఎన్ని ట్రిప్పులో, ఏ ట్రిప్పు ఎన్నింటికి బయలుదేరాలో డిపోలో రాసి ఉంటుంది. టెర్మినల్‌లో కంట్రోలర్ దగ్గర ఉంటుంది, కండక్టరు చేతి కాగితంలో ఉంటుంది. స్టాపులో నిలబడ్డ వాడికి తప్ప అందరికీ తెలుసు. ఫోనులో బస్సు ఎక్కడుందో చూపే యాప్ ఉందని మా మనవడు అంటాడు. ఉంది, నేనూ వాడుతున్నాను. రబ్బరు బ్యాండు కట్టిన బటన్ ఫోనులో అది రాదు.

నేను ఉండేది సత్యనారాయణపురం. మా చిన్నప్పుడు ఇళ్ల మధ్య నుంచే రైలు పట్టాలు ఉండేవి. గేటు పడితే అమ్మ గడియారం చూసేది కాదు, పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఇంకాస్త వెనక్కి వెళితే, గుణదల పక్కన పడవలరేవు అనే సెంటర్ ఉంది. ఈ తరం పిల్లలకు అది ఆటోవాళ్ల నోట వినబడే పేరు మాత్రమే. ఏలూరు కాలువ కృష్ణనూ గోదావరినీ కలిపిన నీటి దారి. మనుషులూ ధాన్యమూ దాని మీదే ప్రయాణం చేసిన కాలం ఉంది. తరువాత రిక్షాలు. బెజవాడ అంటే రిక్షా అనుకున్న రోజులు నాకు బాగానే గుర్తు. గవర్నరుపేట నుంచి మా ఇంటికి రిక్షా ఎక్కితే వంతెన ఎత్తు దగ్గర నాన్న దిగి నడిచేవారు, నన్ను మాత్రం కూర్చోబెట్టేవారు. ఆ రిక్షా తొక్కే ఆయన వీపు మీద చెమట మరకను చూస్తూ కూర్చోవడం నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. రిక్షాలు పోయినందుకు నాకు దిగులు లేదు.

పట్టాలు తీసేసిన చోటే బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం డబ్బుతో, నడుమ వరుసలు బస్సులకే అని చెప్పి మరీ వేశారు. శారదా కాలేజీ జంక్షన్ దగ్గర ఏ సాయంత్రమైనా నిలబడి చూడండి, ఆ వరుసలు ఎవరికి ఉపయోగపడుతున్నాయో. పిల్లలు బండి నేర్చుకోవడానికి పనికొచ్చింది, కార్లు నిలుపుకోవడానికి పనికొచ్చింది. రైలు దారిని బస్సు దారి చేస్తామంటే మా వీధివాళ్లం గేటు పోయిందని సంతోషించాం. ఇప్పుడు రైలూ లేదు, ఆ బస్సూ లేదు.

ట్రాఫిక్‌లో వేళలు ఎలా పాటిస్తాం అని అధికారులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బందరు రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి బస్సు నడిపే డ్రైవరును నిమిషాల లెక్క అడగడం పాపం. నిమిషాలు వద్దు. మొదటి బస్సు ఎన్నింటికి, చివరి బస్సు ఎన్నింటికి, మధ్యలో సుమారుగా ఎంతసేపటికి ఒకటి, ఈ మూడు ముక్కలు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాస్తే చాలు. పావుగంటకు ఒకటి అని ఉంటే పావుగంట నిలబడతారు. గంటకు ఒకటే అని ఉంటే ఆటో ఎక్కుతారు, తెలిసి ఎక్కుతారు. చివరి బస్సు సంగతి మరీ ముఖ్యం. రాత్రి తొమ్మిది దాటాక ఒంటరిగా స్టాపులో ఉన్న ఆడపిల్లకు, బస్సు ఇంకా ఉందో లేదో తెలియకపోవడం కంటే ఇక లేదని తెలియడం నయం. ఇంటికి ఫోను చేసుకుంటుంది.

ఎలక్ట్రిక్ బస్సులు మన నగరానికీ వస్తాయంటున్నారు. రానివ్వండి. అవి వచ్చినా ఇదే స్టాపులో ఆగాలి, అప్పుడూ ఎవరో ఒకరు పరుగున వచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు. నగరమంతా ఒకేసారి చేయమని అడగడం లేదు. బస్టాండ్ నుంచి రామవరప్పాడు వరకు, ఏలూరు రోడ్డు మీది స్టాపుల్లో మొదలుపెట్టి ఆరు నెలలు చూడమని ఆర్టీసీ అధికారులకు, నగరపాలక సంస్థకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

చుట్టుగుంట స్టాపు పక్కన ఒక కరెంటు స్తంభం ఉంది. దాని మీద లేడీస్ హాస్టల్ ప్రకటన, మొలల వైద్యం ప్రకటన, ఇల్లు అద్దెకు ఇస్తామన్న కాగితం ఉన్నాయి. వాటి పైన రెండడుగుల చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ