దోస్తుకు, బండి ప్రయాణం ముందు

హనుమకొండ

మామా,

నిన్న ఫోన్‌లో సగం మాట్లాడేసరికే సిగ్నల్ పోయింది. మిగతా సగం చెప్పకపోతే నాకు మనసొప్పదు, అందుకే రాస్తున్నా. నువ్వు రాత్రిళ్లు లేచి టార్చిలైటుతో బండి చుట్టూ తిరుగుతున్నావని చెల్లె చెప్పింది. పాత మినీబస్సును ఇల్లులా మార్పించి, అమ్మానాన్నలనూ పిల్లలనూ ఎక్కించుకుని కరీంనగర్ నుంచి శ్రీనగర్ దాకా పోయేవాడికి ఆ మాత్రం టెన్షన్ ఉండాల్సిందే. కానీ దాన్ని రోజంతా మోయకు. పొద్దున ఛాయ్ తాగాక, ఇంజిన్ ఇంకా చల్లగా ఉన్నప్పుడు, ఒక అరగంట దానికే ఇచ్చెయ్.

ముందు బండి కిందకి చూడు, రాత్రి నిలబెట్టిన చోట ఏమైనా తడి ఉందా అని. మామూలు నీళ్లైతే ఏసీవి అయి ఉంటాయి. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్. పచ్చగానో గులాబీగానో ఉండి కాస్త తియ్యటి వాసన వస్తే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. డీజిల్ సంగతి ముక్కే చెప్తుంది. తర్వాత డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) తీసి ఆయిల్ చూడు, బండి మాత్రం సమంగా ఉన్న నేల మీదే ఉండాలి. టైర్ల గాలి కూడా అప్పుడే చూడాలి. నాలుగు కిలోమీటర్లు తిరిగినా టైరు వేడెక్కి లెక్క ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. నీది వెనక జంట చక్రాల బండి. లోపలి టైరు కంటికి సరిగా కనబడదు కాబట్టి అందరూ దాన్నే వదిలేస్తారు. నువ్వు వదలకు. పంక్చర్ వేయించి చక్రం మళ్లీ ఎక్కించాక, యాభై నుంచి వంద కిలోమీటర్ల లోపు ఆగి వీల్ నట్లు ఇంకోసారి బిగించు.

ఇక ఆ చప్పుళ్లు. నీ టెన్షన్‌లో ముప్పావు వంతు వాటి వల్లేనని నా నమ్మకం. ఇల్లున్న బండిలో స్టీలు గిన్నెలు, అల్మారా తలుపులు, పొయ్యి మీది జాలీ, బాత్రూం బకెట్, అన్నీ మోగుతాయి. వాటి మధ్య బండి ఏం చెప్తోందో వినబడదు. అందుకని ముందు ఇంటి నోరు మూయించు. గిన్నెల మధ్య పాత చీర ముక్కలు పెట్టు, తలుపులకు గట్టి గొళ్లేలు వేయించు. అప్పుడు వినబడేదంతా బండిదే. బ్రేకు తొక్కితే కీచుమంటోందా, మలుపులోనే మోగుతోందా, స్పీడును బట్టి మారుతోందా, గేరును బట్టా? ఇంత చెప్పగలిగితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. ఆగిన ప్రతిచోటా ఒక్కో చక్రం హబ్ (నడిమి భాగం) దగ్గర చెయ్యి పెట్టి చూడు, తాకకుండా. మిగతావాటికన్నా ఒకటి బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగ్ పోతోంది.

ప్రతి చిన్నదానికీ బండి ఆపనక్కర్లేదు. ఆయిల్ లైటు వెలిగితే మాత్రం అక్కడే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్, ఊరొచ్చేదాకా అనుకోకు. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్లుగా పెట్టి, జాగా చూసి ఆగు. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు, మొహం కాలుతుంది. బ్రేకు మెత్తబడినా అంతే, ఇక నడపొద్దు. అద్దం వైపరో, లోపలి లైటో, సీటు కిర్రుమనడమో అయితే సాయంత్రం దాకా ఆగుతాయి.

నా మాట విని, పైకి పోయే ముందు మన దగ్గరే ఒక చుట్టు తిరుగు. ఇక్కడి నుంచి ములుగు, దారిలో రామప్ప, లక్నవరం, ఏటూరునాగారం దాటి బొగత జలపాతం. తర్వాత కాళేశ్వరం, మంథని, గోదావరిఖని మీదుగా మంచిర్యాల. అక్కడి నుంచి జన్నారం, ఉట్నూరు అడవి దారిలో ఆదిలాబాద్, తిరిగి వచ్చేటప్పుడు కుంటాల జలపాతం, నిర్మల్, బాసర. గోదావరిఖని, మంచిర్యాల లారీలు తిరిగే ఊళ్లు, పెద్ద బండ్ల పని తెలిసినవాళ్లు దొరుకుతారు. జన్నారం దాటాక అంత ఉండదు, ఆ ముక్క పగటిపూటే దాటు. ఆదిలాబాద్ వైపు రేగడి నేల. వాన పడితే చక్రాలు దిగబడతాయి, జాకీ కూడా దిగిపోతుంది. దాని కింద వేయడానికి మందమైన చెక్క పలక తప్పకుండా ఉంచుకో. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ పాత రోడ్డు దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగు. అదేపనిగా బ్రేకు మీదే కాలుంచితే లైనింగ్ వేడెక్కి పట్టు తప్పుతుంది. డీజిల్ మిగులుతుందని కొందరు ఇంజిన్ ఆపి దిగుతారు. బ్రేకుకూ స్టీరింగ్‌కూ ఇంజిన్ ఇచ్చే సాయం పోతుంది మామా, ఆ పని చెయ్యకు. ఈ చుట్టులో ఏది వదులవ్వాలో అదంతా వదులవుతుంది, అదీ వరంగల్‌లో నీ మెకానిక్‌కు అందే దూరంలో.

కొత్త ఊళ్లో బండి విప్పించే ముందు ఆ చప్పుడు వీడియో తీసి మన మెకానిక్‌కు పంపు. మార్చిన పాత సామాను చేతికి ఇమ్మను. ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, హోస్ క్లిప్పులు, ఒక డబ్బా కూలెంట్, నీ ఇంజిన్‌కు పోసే అదే గ్రేడు ఆయిల్ దగ్గరుంచుకో. జాతీయ రహదారి మీద ఇరుక్కుంటే 1033కి ఫోన్ చెయ్యి.

ఇంటి బ్యాటరీ, సెల్ఫ్ కొట్టే బ్యాటరీ వేరుగానే ఉన్నాయి కదా? పొద్దున ఏదీ వాడకముందు చూస్తే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగం అయినట్టు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 14 దగ్గర చూపించకపోతే డైనమో చూపించు. బండి కదిలే ముందు సిలిండర్ దగ్గరే గ్యాస్ ఆపెయ్యి. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, గాలి పోయే రంధ్రం కిందనే ఉండాలి.

ఆదివారం పొద్దున ఇక్కడికి రా. ఖాళీ బండితో కాదు, నీళ్లూ సామానూ నింపి, అందరినీ ఎక్కించుకుని రా. నూట యాభై లీటర్ల ట్యాంకు నిండితే నూట యాభై కిలోలు. వేబ్రిడ్జి మీద తూకం వేయించి ఆర్‌సీలో ఉన్న బరువుతో చూసుకుందాం. ఎక్కువైతే ఏం దించాలో అక్కడే తేలుతుంది. ఆ తర్వాత మా గల్లీలోనే ఒక చక్రం విప్పి మళ్లీ బిగిద్దాం, చెల్లెకూ నేర్పుదాం. భోజనం మా ఇంట్లోనే, అమ్మకు చెప్పు.

నీ దోస్తు