ప్రధానోపాధ్యాయురాలి లేఖ: లైట్‌హౌస్ యాత్ర గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మహాబలిపురం యాత్రలో మన పిల్లవాడొకడు తప్పిపోయాడన్న కబురు శనివారం సాయంత్రం నుంచి వాట్సాప్‌లో చక్కర్లు కొడుతోంది. ఎవరూ తప్పిపోలేదు. ఆరో తరగతి బాబు ఒకడు లైట్‌హౌస్ ఎక్కుతూ, కళ్లు తిరుగుతున్నాయని మధ్యలో కూర్చుండిపోయాడు. లోపలి మెట్లు ఇరుకుగా మెలికలు తిరుగుతూ పోతాయి. ఒకరు ఆగితే వెనకున్న వరుసంతా ఆగాల్సిందే. సైన్స్ మాస్టారు పక్కనే కూర్చుని మంచినీళ్లు తాగించారు. కాసేపటికి ఇద్దరూ పైదాకా ఎక్కారు. దానికి చెన్నైలో రద్దీ తోడై బస్సు ఆలస్యమైంది. వెంట వెళ్లిన ఉపాధ్యాయుల నంబర్లు మీ అందరి దగ్గరా ఉన్నాయి, అడిగినవారు ఒకరిద్దరే.

పిల్లల ఫోన్లు ఇంట్లోనే ఉంచమన్నది నేనే. వచ్చే యాత్రకూ అదే మాట. ఫోను చేతిలో ఉంటే పిల్లలు సముద్రానికి వీపు పెట్టి తమ ముఖాలు తామే చూసుకుంటారు. పెన్సిల్ ఉంటే ఎదురుగా ఉన్నదాన్ని చూడక తప్పదు. లైట్‌హౌస్ పక్కనే, మహిషాసురమర్దిని గుహకు సరిగ్గా పైన, 8వ శతాబ్దపు పల్లవుల గుడి ఉంది. ఇప్పటి స్తంభం రాకముందు ఓడలకు దీపం పెట్టింది ఆ గుడి కప్పు మీదే. ఆ రెండింటినీ ఒకే కాగితంలో, గుడి రాళ్ల అతుకులతో సహా గీసింది తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆ బొమ్మ నా గది గోడ మీద ఉంది, వచ్చి చూడండి. గీస్తూ గీస్తూ, "మంట పెద్దది చేస్తే సరిపోయేది కదా, దీపానికి కటకం (లెన్సు) ఎందుకు?" అని అడిగిందట. ఎంత పెద్ద మంటయినా దాని వెలుగు నింగికీ నేలకూ చెదిరి వృథా అవుతుంది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు బరువైన కటకాన్ని వలయాలుగా విడగొట్టి, పలచన చేసి, ఆ వెలుగునంతా సముద్రం మీదికి మళ్లించాడు. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో అది మొదట వెలిగింది. ఫోను పట్టుకున్న పిల్లకు ఈ ప్రశ్న పుట్టేదా, మీరే చెప్పండి!

ఎనిమిదో తరగతి అబ్బాయి ఇంకో అడుగు ముందుకేశాడు. స్తంభాన్ని నాలుగింతలు ఎత్తు చేసినా వెలుగు అందే దూరం రెండింతలే అవుతుందని, భూమి గుండ్రంగా ఉండటమే కారణమని బస్సులో బొమ్మ వేసి మరీ వివరించాడు. లెక్కల టీచరు సరిచూసి ఔనన్నారు. మద్రాసు హైకోర్టు గోపురం మీద 1894 నుంచి 1977 వరకు లైట్‌హౌస్ దీపం వెలిగిందని చెప్పి డ్రైవరునే ఆశ్చర్యపరిచిందీ వాడే.

ఎవరినీ ఉద్దేశించి కాదు గానీ, ఒక మాట. అర్ధరాత్రి దాకా ఫోను చూసి, పొద్దున ఏమీ తినకుండా, చిప్స్ పొట్లంతో బస్సెక్కిన పిల్లలకు మెట్ల మీద కళ్లు తిరగక ఏమవుతుంది? మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా రెండు ఇడ్లీలు పెట్టి పంపడం అంత కష్టమా?

ఫీజుకు గడువు నెలాఖరు. తల్లిదండ్రుల సమావేశం రెండో శనివారం. ఈసారైనా సమయానికి రండి. బస్సులో మిగిలిపోయిన నీళ్ల సీసాలు, ఒక కుడికాలి చెప్పు ఆఫీసులో ఉన్నాయి, శుక్రవారం లోపు తీసుకెళ్లగలరు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు